"కొంచెం ఎక్కువుందమ్మా" అంటే ఎంత?

పెదకూరపాడు మండలంలోని ఒక ఊళ్ళో, ఒక ఇంటి వసారాలో కూర్చుని నేనొక కార్డు చూశాను. గర్భిణీ స్త్రీలకు ఇచ్చే తల్లీబిడ్డల కార్డు. పేరు, భర్త పేరు, ఆఖరి నెలసరి తేదీ, టీకాలు వేసిన తేదీలు, ఐరన్ మాత్రలిచ్చిన లెక్క, అన్నీ గుండ్రటి అక్షరాలతో పొందికగా రాసి ఉన్నాయి. బీపీ రాయాల్సిన గడులు నాలుగు. మొదటి దాంట్లో 110/70 అని ఉంది. రెండో దాంట్లో 'నార్మల్' అని ఉంది. మూడో దాంట్లో ఒక అడ్డగీత. నాలుగోది ఖాళీ.

ఆ కార్డు తాలూకు అమ్మాయికి పంతొమ్మిదేళ్ళు. తొలిచూలు. నేను వెళ్ళే నాటికి ఆమె ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి పన్నెండు రోజులైంది. బిడ్డ లేదు. వసారాలో గోడకానుకుని కూర్చుని, నేనేం మాట్లాడినా తల ఊపుతోంది గానీ నోరు విప్పడం లేదు. జరిగిందంతా వాళ్ళమ్మ చెప్పింది.

ఎనిమిదో నెల రాగానే కాన్పుకని పుట్టింటికి తెచ్చుకున్నారు. "ముఖం నిండుగా వచ్చింది, ఒళ్ళు చేసింది. అత్తగారింట్లో బాగా చూసుకుంటున్నారని సంబరపడ్డామమ్మా" అన్నదామె. వేలి ఉంగరం బిగిసిపోయి సబ్బునీళ్ళు పెట్టినా రాలేదట. కాలి మెట్టెలు వేళ్ళను కోస్తుంటే అవి మాత్రం ఎలాగో తీసేశారు. ఆ తర్వాత మూడు రోజులు తలనొప్పి. ఆర్.ఎం.పి. డాక్టరు వచ్చి నొప్పి సూది వేశాడు. పైకడుపులో పట్టేసినట్టుందంటే గ్యాసు మాత్ర ఇచ్చాడు. కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయంటే నీరసమన్నారు. నాలుగో రోజు తెల్లవారుజామున ఫిట్స్. చేతిలో తాళాల గుత్తి పెట్టారు. ఆటో మాట్లాడుకుని మొదట దగ్గరున్న ఒక ఆసుపత్రికి తీసుకెళితే అక్కడ చెయ్యి పట్టి చూసి, చీటీ రాసి, గుంటూరు వెళ్ళమన్నారు. సూది లేదు, సెలైన్ లేదు, వెంట మనిషి లేదు. దారిలో రెండోసారి, గుంటూరు పెద్దాసుపత్రి గేటు దగ్గర మూడోసారి ఫిట్స్ వచ్చాయి. అక్కడివాళ్ళు తల్లిని బతికించారు. రెండు రోజులు ఆమెకి కళ్ళు కనపడలేదు. ఆ తర్వాత నెమ్మదిగా చూపు వచ్చింది.

పక్కింటి ముసలమ్మ అందుకుని, "గుర్రపు వాతం అది. వచ్చినవాళ్ళు లేచి కూర్చోవడమే గొప్ప" అన్నది. ఇంట్లో అందరూ ఆ మాటతో ఊరట పొందినట్టే కనపడ్డారు. నాకు మాత్రం చేతిలోని ఆ అడ్డగీత మీద నుంచి చూపు మరలలేదు.

గుర్రపు వాతం అనే పేరు మన పెద్దవాళ్ళు పెట్టుకున్నది. పేరుందంటేనే అర్థం, అది ఎన్ని తరాలుగా ఎంతమంది ఆడవాళ్ళని తీసుకుపోయిందో. డాక్టర్లు దాన్ని ఎక్లాంప్సియా అంటారు. ఫిట్స్ రాకముందు ఉండే దశ ప్రీ ఎక్లాంప్సియా. ఇందులో జరిగేది ప్రధానంగా ఒక్కటి: ఒంట్లోని సన్నటి రక్తనాళాలు ముడుచుకుపోవడం.

పల్నాడు వాళ్ళకి ఇది చెప్పడం తేలిక. సాగర్ కుడి కాలువ మీద ఆధారపడ్డ రైతుని ఎవరినడిగినా చెబుతాడు. పైనుంచి నీళ్ళు వదులుతూనే పిల్ల కాలువల తూములు బిగించేస్తే ఏమవుతుంది? పైన గట్టు మీద ఒత్తిడి పెరుగుతుంది, చివరి పొలాలు ఎండుతాయి. రెండూ ఒకేసారి జరుగుతాయి. గర్భిణీ స్త్రీ శరీరంలోనూ అంతే. నాళాలు బిగుసుకుంటే బీపీ పెరుగుతుంది, అదే సమయంలో చివరనున్న అవయవాలకు రక్తం చాలదు. మూత్రపిండాలకు చాలకపోతే మూత్రంలో ప్రొటీను పోతుంది, మూత్రం తగ్గుతుంది. కాలేయానికి చాలకపోతే కుడివైపు డొక్క కింద, పైకడుపులో నొప్పి వస్తుంది. దాన్నే మనం గ్యాసంటాం. మెదడులో చూపుకి సంబంధించిన భాగం దెబ్బతింటే మిణుగురులు, మసకలు, ఒక్కోసారి పూర్తి చీకటి. మాయకు రక్తం చాలకపోతే బిడ్డ ఎదగదు, లోపలే పోవచ్చు. నాళాల గోడలు దెబ్బతిని నీరు బయటకు ఊరుతుంది కాబట్టి ముఖం, చేతులు ఉబ్బుతాయి. ఆ అమ్మాయి "ఒళ్ళు చేసింది" అదే.

దీనికి మూలం మాయలో ఉందని ఇప్పుడు చాలావరకు తెలిసింది. కాన్పు నిలబడ్డ మొదటి నెలల్లో గర్భసంచిలోని రక్తనాళాలు వెడల్పు కావాలి. కొందరిలో అవి సరిగ్గా వెడల్పు కావు. రక్తం చాలని మాయ, తల్లి రక్తంలోకి కొన్ని పదార్థాలను వదులుతుంది. అవి ఒళ్ళంతా నాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. అమెరికాలో పరిశోధన చేస్తున్న మన దేశపు డాక్టరు ఎస్. అనంత్ కారుమంచి, ఆయన సహచరులు 2003లో ఇటువంటి ఒక ప్రొటీనును గుర్తించారు. మాయ వల్ల వచ్చిన జబ్బు కాబట్టే, మాయ బయటికి రావడమే, అంటే కాన్పు కావడమే, దీనికి అసలు వైద్యం.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఇంట్లో నేను విన్న మాటల్లో ఒకటి "ఏడ్చి ఏడ్చి తెచ్చుకుంది" అని. అల్లుడితో ఏదో గొడవైంది, మనసులో పెట్టుకుని కుమిలింది, అందుకే ఇలా అయిందట. ఇంకొకరు పొయ్యి సెగ తగలకుండా కూర్చుంది కాబట్టి అన్నారు. తొలి కాన్పు, మరీ చిన్న వయసు, కవలలు, అంతకుముందే బీపీ గానీ సుగరు గానీ కిడ్నీ జబ్బు గానీ ఉండటం, తల్లికో అక్కచెల్లెళ్ళకో ఇలా వచ్చి ఉండటం, ఇవీ ఈ జబ్బు అవకాశాన్ని పెంచేవి. ఏడుపు ఈ జాబితాలో లేదు. కానీ చిన్న వయసు ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయింది. 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో గర్భవతులో. బాల్యవివాహాల గురించి మనం సభల్లో మాట్లాడేటప్పుడు చదువు పోతుందంటాం, బాల్యం పోతుందంటాం. నాళాలు బిగుసుకుంటాయని కూడా చెప్పాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ జబ్బును పసిగట్టడానికి స్కానింగులు అక్కరలేదు. బీపీ చూసే పట్టీ ఒకటి, మూత్రంలో ముంచే కాగితప్పట్టీ ఒకటి చాలు. అయిదో నెల దాటాక బీపీ పైఅంకె 140కి గానీ కింది అంకె 90కి గానీ చేరిందంటే మరోసారి చూసి పట్టించుకోవాలి. 160, 110 దగ్గరికి వచ్చిందంటే అది అత్యవసరం, ఆ పూటే ఆసుపత్రిలో ఉండాలి. రెండంకెలు, రెండు హద్దులు. ఇవి మిరపకాయల ధర గుర్తుపెట్టుకున్నంత కష్టం కూడా కాదు. మరి మన మండలంలో ఎంతమంది గర్భిణులకు తమ బీపీ ఎంతో తెలుసు?

నేను అడుగుతూ తిరిగాను. ఇది సర్వే కాదు, లెక్క కట్టలేదు. మా సంఘాలున్న ఊళ్ళలో కనపడ్డ ప్రతి చూలింతనీ "నీ బీపీ ఎంతమ్మా" అని అడిగాను. "బాగానే ఉందన్నారక్కా", "ఏం చెప్పలేదు", "కొంచెం ఎక్కువుందన్నారు". ఎక్కువంటే ఎంత? తెలియదు. బరువు చెప్పగలుగుతున్నారు, రక్తం ఎంతుందో చెప్పగలుగుతున్నారు. తొమ్మిది పాయింట్లు, పది పాయింట్లు అని ఠక్కున చెబుతున్నారు. ఎందుకంటే రక్తహీనత గురించి ఇన్నేళ్ళుగా ఊదరగొట్టాం. బీపీ మాత్రం చూసేవాళ్ళ దగ్గరే ఉండిపోయింది. ఒక అమ్మాయి అడిగిందట కూడా. "నీకు చెబితే అర్థమవుద్దా" అన్నారట.

హైదరాబాద్ స్త్రీశక్తి సంఘటన మిత్రులు 1985లో పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజక్షన్ ప్రయోగాల సంగతి బయటపెట్టి, మరుసటి సంవత్సరం ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళారు. అక్కడి ప్రశ్న, మా ఒంట్లోకి ఏం ఎక్కిస్తున్నారో మాకు చెప్పకుండా ఎలా ఎక్కిస్తారు అని. ఇప్పుడు పెదకూరపాడులో ప్రశ్న దానికి తోబుట్టువు లాంటిది. మా ఒంట్లో ఏం కనపడిందో మాకు చెప్పకుండా ఎలా ఉంటారు?

అసలు సరిగ్గా చూస్తున్నారా అన్నది ఇంకో సంగతి. నడిచొచ్చిన మనిషిని నాలుగైదు నిమిషాలు కూర్చోబెట్టాలి, చేతిని గుండె ఎత్తున ఆనించాలి, జాకెట్టు చేతి మీంచి కాకుండా ఒట్టి చేతికి పట్టీ చుట్టాలి. నెలనెలా తొమ్మిదో తేదీన జరిగే గర్భిణుల పరీక్షల రోజున వరుస ఎంత పొడుగు ఉంటుందో తెలిసినవాళ్ళకి ఇది నవ్వులాటగా ఉంటుంది. ఆ ఒత్తిడిలో 'నార్మల్' అని రాయడం ఎంత తేలికో నాకు తెలుసు. ఏ.ఎన్.ఎం.ని ముద్దాయిని చేయడం నా ఉద్దేశం కాదు. ఆమె సంచిలో మిషను పనిచేస్తుంటే పట్టీ లీకు, పట్టీ బాగుంటే బ్యాటరీ లేదు. రిజిస్టర్లలో రాసిందే ఫోనులో మళ్ళీ కొట్టాలి. ఒకామె నాతో అన్నది: "మేడం, నేను బీపీ చూశానా లేదా అని నన్నెవరూ అడగరు. ఎంట్రీ అయిందా లేదా అనే అడుగుతారు." కానీ ఆ మాట విన్నాక నాకు ఇంకా భయమేసింది.

మన కట్టుబాట్లలోనే ఉన్న ఇంకో గండి చూడండి. మనకు తొలి కాన్పు పుట్టింట్లో. ఏడో నెలలోనో తొమ్మిదిలోనో సీమంతం చేసి పిల్లని తెచ్చుకుంటాం. ఇది మంచి ఆచారమే, అత్తగారింటి చాకిరీ నుంచి ఆమెకి దొరికే నాలుగు నెలల విశ్రాంతి అది. అయితే ప్రీ ఎక్లాంప్సియా ఎక్కువగా పైకొచ్చేది సరిగ్గా ఈ నెలల్లోనే. అత్తగారి ఊరి ఏ.ఎన్.ఎం. "పుట్టింటికెళ్ళింది" అని ఊరుకుంటుంది. పుట్టింటి ఊరి ఏ.ఎన్.ఎం.కి ఆమె తన జాబితాలో మనిషి కాదు. రెండు ఊళ్ళ మధ్య పిల్ల జారిపోతుంది. నేను చూసిన కార్డులో అడ్డగీత, ఖాళీ గడి ఉన్నది ఆ నెలల్లోనే.

పుట్టింటికొచ్చిన పిల్లకే ఇలా ఉంటే పరాయి ఊరు నుంచి వచ్చినవాళ్ళ సంగతేమిటి? జనవరి నుంచి మిరప కోతలు మొదలవుతాయి. కర్నూలు వైపు నుంచి కూలి కుటుంబాలు పిల్లాజెల్లలతో సహా వస్తాయి. పొలాల పక్కన, కల్లాల దగ్గర పట్టాలు కప్పుకుని ఏప్రిల్ దాకా ఉంటాయి. వాళ్ళలో నిండు చూలింతలుంటారు. పొద్దుటి నుంచి వంగి కాయ కోస్తారు, ఘాటుకి తుమ్ముతూ దగ్గుతూ ఉంటారు. తలనొప్పి అంటే ఎండదెబ్బ, కళ్ళు మసకలంటే మిరప ఘాటు. ప్రతి లక్షణానికీ పొలంలో ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. వాళ్ళ కార్డు ఇంటి దగ్గర పెట్టెలో ఉంటుంది. 2010లో ఢిల్లీ హైకోర్టు, బీహారు నుంచి వలస వచ్చి కాన్పులో చనిపోయిన శాంతీదేవి, మరో స్త్రీ కేసుల్లో తీర్పునిస్తూ, ఆరోగ్యంగా కాన్పు అయ్యే హక్కు జీవించే హక్కులో భాగమన్నది. పేద స్త్రీ వేరే రాష్ట్రం కార్డు పట్టుకొచ్చిందని ఆమెకు రావాల్సింది ఆపడానికి వీల్లేదన్నది. మనవాళ్ళు రాష్ట్రం కూడా దాటలేదు. అయినా ఆశ వర్కరు లెక్కలో వాళ్ళు లేరు.

మొదటి ఆసుపత్రిలో ఏం జరగాల్సింది అనేది ఇప్పుడు చెప్పాలి. ఎందుకంటే ఆ కుటుంబం ఆ ఆసుపత్రి మీద ఒక్క ఫిర్యాదు కూడా చేయలేదు. "పాపం, వాళ్ళేం చేస్తారు, పెద్ద జబ్బు" అన్నారు. చేయగలిగింది ఉంది. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజక్షన్.

పత్తి ఆకు ఎర్రబడితే మన రైతులు నీళ్ళలో కలిపి కొట్టే మెగ్నీషియం సల్ఫేట్ పేరు విననివాళ్ళు పల్నాడులో ఉండరు. పురుగుమందుల దుకాణంలో కిలోల లెక్కన అమ్ముతారు. అదే లవణం, మనుషులకు ఇవ్వడానికి శుద్ధి చేసి ఇంజక్షన్‌గా తయారుచేసింది, ఫిట్స్‌ని ఆపుతుంది, మళ్ళీ రాకుండా కాపాడుతుంది, బిగుసుకున్న నాళాలను కొంత సడలిస్తుంది. (దుకాణంలోది మందు కాదని వేరే చెప్పాలా? చెబుతున్నాను, ఎందుకైనా మంచిది.) 1995లో మన దేశంతో సహా పలు దేశాల్లో జరిగిన పరిశోధనలో, ఫిట్స్ తిరగబెట్టకుండా ఆపడంలో ఇది అప్పటిదాకా వాడుతున్న డయాజిపామ్ కంటే, ఫెనిటాయిన్ కంటే ఎంతో మేలని తేలింది. 2002లో 33 దేశాల్లో పదివేల మందికి పైగా స్త్రీలతో జరిగిన మరో పరిశోధన, ఫిట్స్ రాకముందే ఇస్తే అవి వచ్చే ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని చెప్పింది. ఖరీదైన మందు కాదు, కొత్త మందు అంతకన్నా కాదు.

2010లో కేంద్ర ఆరోగ్య శాఖ ఏ.ఎన్.ఎం.ల కోసం వేసిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది: ఫిట్స్ వచ్చిన గర్భిణికి ఏ.ఎన్.ఎం. తానే మొదటి మోతాదు, ఒక్కో పిరుదుకి అయిదు గ్రాముల చొప్పున మొత్తం పది గ్రాములు, ఇచ్చి పంపాలి. డాక్టరు లేడు అన్నది కారణం కాదు. తర్వాతి మోతాదులకు ముందు శ్వాస, మూత్రం, మోకాలి కుదుపు చూసుకోవాలి కాబట్టి అవి పెద్దాసుపత్రిలో ఇస్తారు. కానీ ఆ మొదటి మోతాదు, గుంటూరుకు పట్టే ఆ గంట పైచిలుకు ప్రయాణాన్ని దాటించే మోతాదు, దగ్గరి ఆసుపత్రిలోనే పడాలి. చీటీ రాసి పంపడం వైద్యం కాదు. 1996లో పశ్చిమబంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర వైద్యం అందించకపోతే అది జీవించే హక్కును కాలరాయడమేనని, డబ్బు లేదనడం సాకు కాదని చెప్పి ఇన్నేళ్ళయింది. రైలు నుంచి పడ్డ ఒక కూలీని ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి మంచం లేదని తిప్పి పంపిన కేసు అది. ఆటోలో తిరిగే మన ఆడవాళ్ళు ఆ తీర్పులోని మనుషులే.

ఇక్కడ మన ఉద్యమం లోపలి మాట ఒకటి. వైద్యం పేరుతో స్త్రీల శరీరాల మీద జరిగే దాష్టీకానికి వ్యతిరేకంగానే మనం ఆరోగ్యం గురించి మాట్లాడటం మొదలుపెట్టాం. అనవసరపు ఇంజక్షన్లు, అనవసరపు ఆపరేషన్లు వద్దన్నాం. అది సరైనదే. 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 42.4 కాన్పులు సిజేరియన్లు. కానీ అదే రాష్ట్రంలో చవక సూది ఒకటి అవసరమైన చోట ఉండదు. కోతకి కొదవ లేదు, కొలతకే కొదవ. 'ఎక్కువ వైద్యం' మీద అరిచినంత గట్టిగా 'తక్కువ వైద్యం' మీద మనం అరవలేదని నాకు అనిపిస్తుంది. నాతో సహా.

రెండూ ఒకే మనిషికి ఒకే రోజు జరగవచ్చు. కాన్పయ్యాక రక్తస్రావం ఆగడానికి వేసే సూదుల్లో మిథైల్ ఎర్గోమెట్రిన్ అనేది ఒకటుంది. ధాన్యపు కంకులకు పట్టే ఒక బూజు నుంచి పుట్టిన మందుల జాతి ఇది. మన సజ్జ కంకికి వచ్చే తేనెబంక తెగులుకు దగ్గర చుట్టం. గర్భసంచిని బిగించినట్టే ఇది రక్తనాళాలనూ బిగిస్తుంది. అందుకే బీపీ ఎక్కువున్న స్త్రీకి ఇది వేయకూడదు, ఆక్సిటోసిన్ వేయాలి. బీపీ చూడకుండా, కార్డులో 'నార్మల్' చూసి వేస్తే? అంకె రాయకపోవడం కాగితం మీది తప్పు మాత్రమే కాదని చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ నాకు అక్కరలేదు.

కాన్పయిపోయింది కదా, గండం గడిచింది కదా అనుకుంటాం. మాయ బయటికొచ్చినా నాళాలు వెంటనే సడలవు. ఎక్లాంప్సియా కాన్పు తర్వాత మొదటి రెండు రోజుల్లో రావచ్చు, కొందరికి ఇంకా ఆలస్యంగానూ రావచ్చు. కొందరు బాలింతల్లో మెదడు రక్తనాళాలు ఉన్నట్టుండి ముడుచుకుని పిడుగు పడ్డట్టు తలనొప్పి వస్తుంది. మన ఇళ్ళల్లో బాలింత తలనొప్పికి చెవుల్లో దూది, తలకి గుడ్డ, సాంబ్రాణి పొగ. "గాలి తగిలిందిలే." గాలి కాదు. ఇంటికి పంపే ముందు బీపీ చూశారా, మొదటి వారంలో ఎవరైనా వచ్చి చూశారా అని మనం అడగాలి. ఈ ఊళ్ళో నేనడిగిన బాలింతల్లో చూశారన్నవాళ్ళు ఇద్దరే. వచ్చినవాళ్ళు బిడ్డ బరువు చూసి వెళుతున్నారట.

దీని నీడ ఇంకా దూరం పడుతుంది. ప్రీ ఎక్లాంప్సియా వచ్చిన స్త్రీకి ముందుముందు గుండెజబ్బు వచ్చే ప్రమాదం మిగతావాళ్ళకంటే దాదాపు రెట్టింపు. పక్షవాతం ప్రమాదమూ ఇంచుమించు అంతే. బీపీ నిలిచిపోయే అవకాశం అంతకన్నా ఎక్కువ. అంటే ఆ పంతొమ్మిదేళ్ళ అమ్మాయి నలభయ్యో ఏట ఛాతీలో నొప్పంటే, "గ్యాసు" అనకుండా, "నీకు తొలి కాన్పులో ఏమైంది" అని ఎవరైనా అడగాలి. అడిగితే చెప్పడానికి ఆమె చేతిలో ఏముంది? డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంది. అందులో ఏముందో నేను చదివి చెప్పేదాకా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

మాతృమరణాల్లో మన రాష్ట్రం లెక్క బాగా తగ్గింది. 2018-20లో లక్ష సజీవ జననాలకు 45. అప్పుడు దేశం మొత్తానికి 97. ఇది చిన్న విజయం కాదు, ఆశ వర్కర్లు, ఏ.ఎన్.ఎం.లు కాళ్ళరిగేలా తిరిగి సాధించింది. కానీ ఈ అమ్మాయి ఆ లెక్కలోకి రాదు. బతికింది కాబట్టి. చావు అంచుదాకా వెళ్ళి వచ్చినవాళ్ళ గురించి కూడా విచారించాలని 2014లోనే కేంద్రం మార్గదర్శకాలు వేసింది. ఆ ఇంటికి ఎవరూ రాలేదు. చీటీ ఎవరు రాశారు, సూది ఎందుకు వేయలేదు, ఆ రోజు అక్కడ మందు ఉందా లేదా, ఎవరూ అడగలేదు. నేను అడిగితే "మీరెవరు" అన్నారు.

ఆ తర్వాత మేము చేసింది చాలా చిన్న పని. సంఘం పొదుపు డబ్బుతో ఒక బీపీ మిషను కొన్నాం. కొనాలా వద్దా అని పెద్ద వాదన జరిగింది. ప్రభుత్వం చేయాల్సిన పని మనం నెత్తినేసుకుంటే వాళ్ళు ఇంకా వదిలేస్తారని ఒకామె గట్టిగా అన్నది. ఆమె అన్నదాంట్లో నిజం ఉంది. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. మిషను వైద్యం కోసం కాదు, సాక్ష్యం కోసం. మేము చూసిన అంకెని తేదీతో సహా వాళ్ళ కార్డు వెనక రాస్తాం. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు "అక్కా, అంకె రాయండి" అని అడగమంటాం. పుట్టింటికొచ్చిన పిల్లని మొదటి వారంలోనే ఆ ఊరి ఏ.ఎన్.ఎం. దగ్గర పేరు రాయించడం సంఘం బాధ్యత. కోతలప్పుడు కూలి గుడారాల దగ్గరికి సాయంత్రాలు వెళుతున్నాం. దగ్గరి ఆసుపత్రిలో మెగ్నీషియం సల్ఫేట్ నిల్వ ఎంతుందో సమాచార హక్కు చట్టం కింద అడిగాం. జవాబు వచ్చింది: "సరిపడా నిల్వ కలదు." మళ్ళీ అంకె లేదు. మళ్ళీ రాశాం.

ఆ అమ్మాయి ఇప్పుడు రెండోసారి గర్భవతి. మొదటిసారి ఇలా అయినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, మూడో నెల నిండేసరికి తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టాలి, డాక్టరు చెప్పిన మీదటే. కాల్షియం తక్కువ తినేవాళ్ళకి కాల్షియం మాత్రలు కూడా మేలు చేస్తాయి. ఆమెతో పాటు నేనూ ఆసుపత్రికి వెళ్ళాను. నేను నోరు తెరవకముందే తనే "మొదటి కాన్పులో ఫిట్స్ వచ్చాయి" అని చెప్పింది. కాగితం తీసి చూపించింది. వసారాలో తల ఊపిన పిల్లేనా అనిపించింది.

మొన్న ఫోను చేసింది. "నూట ఇరవై ఎనిమిది, ఎనభై రెండు అక్కా. రాయించుకున్నా. మూత్రం మాత్రం చూడలేదు. అడిగితే పట్టీలు అయిపోయాయన్నారు, వచ్చే నెల రమ్మన్నారు." సోమవారం మేమిద్దరం ఆ పట్టీల సంగతి కనుక్కోవడానికి వెళుతున్నాం. సంఘం నుంచి ఇంకో నలుగురు వస్తామన్నారు.